కోఠి రెసిడెన్సీ బంగ్లా: అందరూ అడిగే ప్రశ్నలు, నాకు తెలిసిన జవాబులు

నేను కోఠి ఉమెన్స్ కాలేజీలో డిగ్రీ చదివానని తెలియగానే చుట్టాలు, ఆఫీసులో వాళ్ళు, ఆఖరికి మా పిల్లల ఫ్రెండ్స్ కూడా అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. ప్రతిసారీ ఫోన్లో అరగంట చెప్పలేక ఒకచోట రాసి పెట్టేస్తున్నా, ఇక నుంచి ఎవరడిగినా ఇదే పంపిస్తా.

అసలు ఏ ఇల్లు గురించి మాట్లాడుతున్నాం?

హైదరాబాద్‌లో కోఠి బస్టాండ్ పక్కన, ఉమెన్స్ కాలేజీ గేటు లోపల, చెట్ల వెనకాల పెద్ద పెద్ద స్తంభాలతో తెల్లటి బంగ్లా ఒకటి ఉంటుంది, దాని గురించి. బ్రిటిష్ రెసిడెన్సీ అంటారు. బస్సులో వెళ్తూ ఉంటే కనపడదు, అందుకే ఊళ్ళో పుట్టి పెరిగిన వాళ్ళలో కూడా సగంమందికి అది అక్కడుందని తెలీదు. ఫలక్‌నుమాకి, చౌమహల్లాకి ఉన్న పేరు దీనికి రాలేదు. కోఠీ అంటే ఉర్దూలో పెద్ద బంగ్లా అని అర్థం, మనం మాత్రం "కోటి" అని పలికి లెక్కల్లో నంబరు చేసేశాం.

రెసిడెంట్ అంటే ఎవరు? కలెక్టర్ లాగానా?

కాదు. నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ పెట్టుకున్న మనిషి. పేరుకి రాయబారి. మొదటాయన జాన్ హాలండ్, 1779లో వచ్చాడు. 1798లో నిజాం అలీ ఖాన్ కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాక కథ మారిపోయింది, ఫ్రెంచి ఆఫీసర్ల కింద ఉన్న నిజాం పటాలాన్ని రద్దు చేశారు, కంపెనీ సైన్యం వచ్చి కూర్చుంది, దాని ఖర్చు మాత్రం నిజాం ఖాతాలో. అప్పట్నుంచి రాయబారి కాస్తా ఇంటికొచ్చి పెత్తనం చేసే చుట్టం అయిపోయాడు. ఆ చుట్టానికి తగ్గ ఇల్లు కావాలి కదా, ఆ ఇల్లే ఇది.

ఎవరు కట్టించారు?

జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. 1764లో మద్రాసులో పుట్టాడు, 1798 నుంచి 1805 దాకా ఇక్కడ రెసిడెంటు. ఫారసీ, ఉర్దూ గడగడా మాట్లాడేవాడు, ఇక్కడి బట్టలేసుకునేవాడు, హుక్కా పీల్చేవాడు, నిజాం ఇతనికి హష్మత్ జంగ్ అని బిరుదు కూడా ఇచ్చాడు. అంతకు ముందు మూసీకి ఉత్తరం ఒడ్డున తోటలో ఉన్న పాత ఇంట్లోనే రెసిడెంట్లు ఉండేవాళ్ళు. అది చాలట్లేదని 1803 ప్రాంతంలో కొత్తది మొదలెట్టాడు. ప్లాన్ గీసింది మద్రాస్ ఇంజనీర్స్‌లో లెఫ్టినెంట్ శామ్యూల్ రస్సెల్, లండన్‌లో పేరున్న చిత్రకారుడు జాన్ రస్సెల్ కొడుకు. ఇంగ్లీషువాడు గీశాడని ఇల్లు ఇంగ్లీషుది అనేస్తాం గానీ రాయి చెక్కింది, సున్నం నూరింది, గచ్చు తీసింది అంతా ఇక్కడి పనివాళ్ళే, వాళ్ళ పేరు ఒక్కటి కూడా ఎక్కడా రాసి లేదు.

డబ్బు ఎవరిది? కంపెనీదా?

నాకిష్టమైన ప్రశ్న ఇది. కంపెనీది కాదు, నిజాంది. ఇంటి ఖర్చు నిజాం ఖజానా నుంచే వచ్చింది. దీని మీద ఒక కథ చెప్తారు. కిర్క్‌పాట్రిక్ మొదట స్థలం అడుగుతూ ఇంత పొడుగు ప్లాను పట్టుకెళ్ళి దర్బారులో పరిచాడట, నిజాం చూసి కుదరదు అనేశాడట. ఇతను నీరసంగా బయటికొచ్చి నిజాం దర్బారులో పెద్దమనిషి మీర్ ఆలంతో ఏంటి ఇలా అయింది అంటే, ఆయన నవ్వి "నువ్వు చూపించిన కాగితం సైజు చూసి హుజూర్ తన రాజ్యమంతా అడుగుతున్నావనుకున్నారు, చిన్న కాగితం మీద గీసుకుని మళ్ళీ రా" అన్నాడట. కొన్నాళ్ళాగి అదే ప్లానుని విజిటింగ్ కార్డంత కాగితం మీద గీసి తీసుకెళ్తే సరే అనేశాడట. కథ నిజమో కాదో గానీ చెప్పిన పద్ధతి చూడండి, అడిగినవాడూ తెలివైనవాడే, ఇచ్చినవాడు అమాయకుడు అన్నట్టు చెప్తారు. నాకైతే నిజాం అలీ ఖాన్ అంత అమాయకుడు అనిపించడు, నలభై ఏళ్ళు మరాఠాల్ని, మైసూరుని, ఫ్రెంచోళ్ళని, ఇంగ్లీషోళ్ళని కాచుకుంటూ సింహాసనం మీద కూర్చున్న మనిషి కాగితం సైజు చూసి మోసపోతాడా?

సరే, ఖజానా అంటే ఎక్కణ్ణుంచి వచ్చింది, రైతుల శిస్తే కదా. అంటే మెదక్‌లోనో నాందేడ్‌లోనో ఎవరో దున్నుకున్నోళ్ళు కట్టిన ఇల్లు ఇది. ఈ పాయింటు నేను చెప్తే మా తమ్ముడు "అక్కా మళ్ళీ మొదలెట్టావా" అంటాడు.

పెళ్ళాం కోసం కట్టిన ప్రేమ మందిరం అంట కదా?

సగం నిజం. కిర్క్‌పాట్రిక్, ఖైరున్నిసా అనే హైదరాబాద్ అమ్మాయిని పెళ్ళి చేసుకున్న మాట నిజమే. పెద్దింటి సయ్యదుల పిల్ల, మీర్ ఆలంకి బంధువులు. పెళ్ళి సంగతి బయటపడ్డాక కలకత్తాలో గవర్నర్ జనరల్ వెల్లెస్లీకి కోపమొచ్చి ఇతని మీద ఎంక్వయిరీ వేయించాడు, ఉద్యోగం పోవడం ఒకటే తక్కువ. అయినా ఆమెని వదల్లేదు, అది ఒప్పుకోవాలి.

కానీ పెద్ద బంగ్లా ఆమె కోసం కట్టింది కాదు. అది ఆఫీసు, దర్బారు, దర్జా. ఆమె కోసం వెనకాల విడిగా రంగమహల్ అని జనానా, అంటే ఆడవాళ్ళుండే ఇల్లు, కట్టించాడు, గోడలకి బొమ్మలు, మధ్యలో ఫౌంటెన్లు, అచ్చం మన పద్ధతి ఇల్లు. ముందు ఇల్లు దొరల కోసం, వెనకిల్లు ఇంటి మనుషుల కోసం అన్నమాట.

ఇంకా బాధేంటంటే కిర్క్‌పాట్రిక్ ఈ ఇల్లు పూర్తవ్వడం చూడలేదు. 1805లో జబ్బుగానే కలకత్తా బయల్దేరాడు, అక్టోబర్ 15న అక్కడే పోయాడు, నలభై ఒక్కేళ్ళు. ఇల్లు పూర్తయ్యేసరికి ఇంకో రెసిడెంటు, థామస్ సైడెన్‌హామ్ వచ్చేశాడు. మనూళ్ళలో కూడా చూస్తాం కదా, గృహప్రవేశానికి ముందే పోయే ఇంటాయన, ఆ బాపతు.

మరి ఆమె, పిల్లలు ఏమయ్యారు?

ఇద్దరు పిల్లలు. బాబుకి సాహెబ్ ఆలం, పాపకి సాహెబ్ బేగం అని ఇంట్లో పేర్లు. 1805లోనే చదువుకోమని ఇంగ్లాండ్ ఓడ ఎక్కించారు. వెళ్ళే ముందు మద్రాసులో జార్జ్ చిన్నరీ అనే చిత్రకారుడు ఇద్దరి బొమ్మ గీశాడు, హైదరాబాదీ బట్టల్లో, బాబు ధీమాగా ఎదురుగా చూస్తుంటాడు, పాప వాణ్ణి ఆనుకుని నిలబడి ఉంటుంది. అది చూశాక నాకు రెండ్రోజులు మనసు బాలేదు. అక్కడికెళ్ళగానే పేర్లు విలియం, కేథరిన్ అయిపోయాయి, తల్లిని మళ్ళీ చూడనేలేదు.

ఖైరున్నిసా భర్త సమాధి చూడ్డానికి కలకత్తా దాకా వెళ్ళింది. అక్కడ కిర్క్‌పాట్రిక్ కింద పనిచేసిన హెన్రీ రస్సెల్‌కి (ప్లాన్ గీసిన రస్సెల్ వేరే) దగ్గరైంది. తిరిగొచ్చేటప్పుడు మీర్ ఆలం ఆమెని హైదరాబాద్‌లో అడుగుపెట్టనివ్వలేదు, దాంతో మచిలీపట్నంలో ఆగిపోవాల్సి వచ్చింది. అవును, మన బందరే. రస్సెల్ ఆమెని అక్కడ వదిలేసి మద్రాసు వెళ్ళి ఇంకొకర్ని పెళ్ళి చేసుకున్నాడు. బందరు సముద్రం గాలికి ఆ అమ్మాయి ఎన్ని సాయంత్రాలు ఎదురుచూసిందో. మీర్ ఆలం పోయాక గానీ హైదరాబాద్ రాలేదు, 1813లో ఇక్కడే చనిపోయింది, ముప్ఫై కూడా దాటలేదు. అప్పటికి ఈ బంగ్లాలో రెసిడెంటు ఎవరనుకున్నారు? అదే హెన్రీ రస్సెల్.

పాప కేథరిన్, ముద్దుగా కిట్టీ, మాత్రం ఇంగ్లాండ్‌లోనే పెద్దదై, పెళ్ళి చేసుకుని, 1889 దాకా బతికింది. నడివయసులో ఎలాగో ఇక్కడ అమ్మమ్మ షరఫున్నిసా బతికే ఉందని తెలుసుకుని ఉత్తరాలు రాసింది. అమ్మమ్మకి ఇంగ్లీషు రాదు, మనవరాలికి ఫారసీ మర్చిపోయింది. మధ్యలో ఎవరో ఒకరు చదివి చెప్పాలి. ఒకర్నొకరు చూడకుండానే అమ్మమ్మ వెళ్ళిపోయింది.

రంగమహల్ ఇప్పుడు ఎక్కడుంది?

లేదు. 1860లో కూలగొట్టేశారు. ఒక రెసిడెంటు గారికి అలాంటి ఇల్లు తన కాంపౌండ్‌లో ఉండటం నచ్చలేదట. అప్పటికి దొరలు లాల్చీ వేసుకుని హుక్కా పీల్చే కాలం పోయింది, మనోళ్ళతో వియ్యం అంటే మొహం చిట్లించే కాలం వచ్చింది. దాని గేటు మాత్రం మిగిలింది. మేం చదివే రోజుల్లో ఆ గేటు దగ్గర కూర్చుని టిఫిన్ బాక్సులు తినేవాళ్ళం, అది ఒకామె ఇంటి గుమ్మం అని అప్పుడు మాకెవరూ చెప్పలేదు.

వెనకాల ఆ చిన్న బొమ్మ ఇల్లు ఏంటి?

పెద్ద బంగ్లాకి అచ్చు నమూనా, బొమ్మలకొలువులో పెట్టుకునేట్టు. ఖైరున్నిసా పరదాలో ఉండేది, మగవాళ్ళు తిరిగే ముందు వైపుకి రాలేదు, మరి ఇల్లు ముందు నుంచి ఎలా ఉంటుందో ఆమెకి తెలియాలని జనానా తోటలో చిన్నది కట్టించాడని కథ. అది ఆర్కిటెక్టు మోడలే అయ్యుంటుందని కొందరంటారు. నేను మాత్రం మొదటి కథనే నమ్ముతా, నాకు ఆధారం అక్కర్లేదు.

వైట్‌హౌస్‌ని చూసి కాపీ కొట్టారా?

లేదండీ బాబూ. వాట్సాప్‌లో తిరిగేది నమ్మకండి. అమెరికాది 1792లో మొదలై 1800కి ప్రెసిడెంటు చేరే వరకొచ్చింది, ఇది కొన్నేళ్ళ తర్వాత. రెండూ ఆ రోజుల్లో ఇంగ్లాండ్‌లో, ఐర్లాండ్‌లో నడిచిన ఒకే ఫ్యాషన్, ముందు వరస స్తంభాలు, పైన త్రికోణం ముక్కు, పాత గ్రీకు రోమ్ గుళ్ళని చూసి తెచ్చుకున్నది. రెండు పెళ్ళిళ్ళలో ఒకే రకం పట్టుచీర కనపడితే కాపీ అంటామా? మన త్రికోణంలో మాత్రం కంపెనీవారి చిహ్నం చెక్కి ఉంటుంది, మెట్లకి రెండు వైపులా రెండు సింహాలుంటాయి. ఆ మెట్లు ఎన్ని అని మేం పందెం కాసి లెక్కపెట్టేవాళ్ళం, మాటల్లో పడి ఒక్కోసారి ఒక్కో లెక్క వచ్చేది. ఇంటి ఎదురు ఉత్తరానికి, మూసీ వైపు వెనక్కి. వెనక వైపు గుండ్రంగా ముందుకి పొడుచుకొచ్చిన భాగం ఉంటుంది, ఫొటోల్లో ఎవరూ పెట్టరు గానీ నాకు అదే అందం.

లోపల దర్బారు హాలు రెండంతస్తుల ఎత్తు, నిలువెత్తు అద్దాలు, షాండ్లియర్లు, రంగులద్దిన సీలింగు. షాండ్లియర్లు ఇంగ్లాండ్ యువరాజుగారి బ్రైటన్ బంగ్లా నుంచి వచ్చాయని పాతకాలం నుంచీ ఒక మాట ఉంది. మొదటి ఏడాది పరీక్ష ఫీజు కట్టడానికి లైన్లో నిల్చుని తల పైకెత్తి చూసినప్పుడు ఆ షాండ్లియర్ గొలుసు మీద రెండు పావురాలు కూర్చుని ఉన్నాయి, ఒకటి నా చలానా మీద తన సంతకం పెట్టింది. అంతే, చరిత్రతో నా మొదటి పరిచయం.

తర్వాత వచ్చిన రెసిడెంట్లు ఏం చేశారు?

చాలామంది వచ్చారు పోయారు, అందరి గురించీ రాస్తే తెల్లారిపోద్ది. రస్సెల్ 1820 దాకా ఉన్నాడు. ఆయన హయాంలో విలియం పామర్ అండ్ కంపెనీ అని వడ్డీ వ్యాపారం సంస్థ నిజాం సర్కారుకి విపరీతంగా అప్పులిచ్చింది, తర్వాతొచ్చిన చార్లెస్ మెట్‌కాఫ్ ఆ లెక్కలు తవ్వేసరికి పెద్ద గొడవైంది. 1853లో సైన్యం బాకీ కింద నిజాం రాజ్యంలోని బేరార్ ప్రాంతాన్ని కంపెనీ చేతికి రాయించుకున్నారు. ఇంటికి డబ్బిచ్చింది నిజాం, ఆ ఇంట్లో కూర్చున్నవాళ్ళకి బాకీ పడిందీ నిజామే. మా నాన్నమ్మ అనేది, "కూర్చోమని పీట వేస్తే ఇల్లు నాదే అన్నాడంట" అని.

1857లో ఇక్కడ గొడవ జరిగిందా?

జరిగింది, బాగానే జరిగింది. ఔరంగాబాద్ నుంచి పారిపోయొచ్చిన చీదా ఖాన్ అనే సైన్యం జమాదార్‌ని పట్టుకుని రెసిడెన్సీకి అప్పజెప్పారు. అతణ్ణి విడిపించాలని జులై 17 సాయంత్రం తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ ముందు నడిచి ఓ అయిదొందల మంది రోహిల్లా పఠాన్లతో రెసిడెన్సీ మీదకి వచ్చారు. ఎదురుగా పుత్లీబౌలి వైపు రెండు ఇళ్ళల్లో దూరి రాత్రంతా కాల్చారు. కానీ దివాన్ సాలార్‌జంగ్ ముందే రెసిడెంటు డేవిడ్సన్‌కి కబురు పెట్టేశాడు, లోపల ఫిరంగులు సిద్ధంగా ఉన్నాయి. తెల్లారేసరికి అయిపోయింది.

తుర్రేబాజ్ ఖాన్‌ని పట్టుకుని అండమాన్ శిక్ష వేస్తే జైలు నుంచి తప్పించుకున్నాడు. 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర అడవిలో కాల్చి చంపి, శవాన్ని తెచ్చి రెసిడెన్సీ దగ్గరే వేలాడదీశారు. మౌల్వీ అండమాన్‌లోనే పోయాడు. మనం "నువ్వేమన్నా తురుంఖాన్‌వా" అంటాం చూడండి, ఆ తురుంఖాన్ ఈయనే అంటారు. ఒకణ్ణి భయపెట్టడానికి వేలాడదీస్తే జనం అతని పేరుని ధైర్యానికి మారుపేరు చేసేశారు. ఇప్పుడు కోఠిలో ఆయన పేరు మీద రోడ్డుంది, స్మారకం కూడా ఉంది, పక్కనే బస్సు కోసం నిలబడేవాళ్ళు దానికే ఆనుకుని ఫోన్ చూసుకుంటారు.

సుల్తాన్ బజార్‌కీ ఈ ఇంటికీ ఏంటి సంబంధం?

చాలా ఉంది, తెలుగువాళ్ళం తెలుసుకోవాల్సింది అసలు ఇదే. ఈ బంగ్లా చుట్టూ పెరిగిన బజారుని రెసిడెన్సీ బజార్ అనేవాళ్ళు. అది హైదరాబాద్ నడిబొడ్డున ఉన్నా నిజాం చట్టం చెల్లేది కాదు, రెసిడెంటు పాలనే. అందుకని వ్యాపారులు, సావుకార్లు, వకీళ్ళు ఇక్కడ ఇళ్ళు కట్టుకున్నారు. సభలు, సంఘాలు, పుస్తకాలు అంటే నిజాం పోలీసులు ఊరంతా ఆరా తీసే రోజుల్లో ఇక్కడ కాస్త ఊపిరాడేది. 1901 సెప్టెంబర్ 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలైంది ఇక్కడే, రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో, కొమర్రాజు లక్ష్మణరావు గారు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారు వెనకుండి నడిపించారు. తెలంగాణలో తెలుగు గ్రంథాలయం అంటే మొదట గుర్తొచ్చేది అదే, ఇప్పటికీ సుల్తాన్ బజార్‌లో ఉంది. అంటే తెల్లదొర గొడుగు నీడలో తెలుగు మొక్క మొలిచింది. దొరకి మన భాష మీద ప్రేమ ఉందని కాదు, ఆయనకి పట్టలేదు అంతే, ఆ పట్టకపోవడమే మనకి కలిసొచ్చింది. 1933లో ఆ బజార్లని నిజాంకి తిరిగిచ్చేశారు, రెసిడెన్సీ బజార్ కాస్తా సుల్తాన్ బజార్ అయింది.

బొల్లారంలో రాష్ట్రపతి నిలయాన్ని కూడా రెసిడెన్సీ అంటారు, రెండూ ఒకటేనా?

వేరే. అది కంటోన్మెంట్ వైపు 1860లో కట్టింది, రెసిడెంటు గారికి ఊరి బయట ఇంకో ఇల్లు. ఇప్పుడు రాష్ట్రపతి ఏడాదికోసారి వచ్చి దిగేది అందులోనే.

మరి అమ్మాయిల కాలేజీ ఎప్పుడొచ్చింది?

కాలేజీ 1924లోనే పుట్టింది, వేరే చోట. 1947 ఆగస్టుతో రెసిడెంటు అనే పోస్టే పోయింది, 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్, 1949లో కాలేజీ ఈ బంగ్లాలోకి మారింది. ఒకామె గడప దాటి ముందుకి రాలేక బొమ్మ ఇల్లు చూసుకున్న కాంపౌండ్‌లోకి వందలమంది ఆడపిల్లలు పుస్తకాలు పట్టుకుని ముందు మెట్లు ఎక్కి వెళ్ళారు. బుర్ఖా వేసుకున్నోళ్ళు, లంగా ఓణీలు, తర్వాత మా చుడీదార్లు. నల్గొండ, మహబూబ్‌నగర్ నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదివిన మొదటి తరం పిల్లలు ఎందరో.

ఇప్పుడు ఎవరి సొంతం?

కాగితం మీద ప్రభుత్వానిది. కాలేజీ చాలాకాలం ఉస్మానియా కింద ఉండేది, 2022లో మహిళా యూనివర్సిటీ చేశారు, 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. భూమి కోసం దొరకి ఎదురు నిలబడిన పాలకుర్తి ఐలమ్మ పేరు రెసిడెంటు దొరల బంగ్లా గేటు మీద! ఈ ఇంట్లో ఉన్నవాళ్ళెవరికీ ఇది సొంతం కాదు చూడండి, కిర్క్‌పాట్రిక్ నుంచి మా దాకా అందరం అద్దెకున్నవాళ్ళమే, అద్దె మాత్రం ఎప్పుడూ వేరేవాళ్ళే కట్టారు.

లోపల సమాధులున్నాయంట, దెయ్యాలు కూడానా?

సమాధులు నిజం, కాంపౌండ్ మూలన ఇంగ్లీషోళ్ళ చిన్న శ్మశానం ఉంది. దెయ్యాల సంగతి హాస్టల్ పిల్లల్ని అడగండి, ప్రతి బ్యాచ్‌కీ ఒక కొత్త దెయ్యం ఉంటుంది. కిర్క్‌పాట్రిక్ మాత్రం అక్కడ లేడు, కలకత్తాలో ఉన్నాడు.

బాగు చేశారా? వెళ్ళి చూడొచ్చా?

2002లో ప్రపంచంలో ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ దీన్ని చేర్చింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి పని జరిగి ఇప్పుడు చూడచక్కగా తయారైంది. అది ఆడపిల్లల క్యాంపస్, ఇష్టమొచ్చినట్టు దూరిపోయే చోటు కాదు, ముందే పర్మిషన్, టైమింగులు కనుక్కుని వెళ్ళండి. మెట్రోలో అయితే ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్‌లోనో సుల్తాన్ బజార్ స్టేషన్‌లోనో దిగి నడవొచ్చు. పార్కింగ్ మీద ఆశ పెట్టుకోకండి, కోఠిలో బండి పెట్టే చోటు దొరికితే తురుంఖానే.

లోపలికి వెళ్ళాక అందరూ సింహాల దగ్గర సెల్ఫీ దిగి వచ్చేస్తారు. మీరు మాత్రం వెనక్కి వెళ్ళి ఆ బొమ్మ ఇల్లు ఎక్కడుందో అడగండి. వచ్చేటప్పుడు కోఠిలో పాత పుస్తకాల షాపులున్నాయి, బేరం ఆడండి, వాళ్ళు చెప్పిన రేటుకి సగం నుంచి మొదలెట్టండి.